హోసకోట, మాలూరు లాంటి ఊళ్లో బార్ పెట్టాలంటే

కర్ణాటకలో బార్ పెట్టడమంటే అసలు పని లైసెన్సు సంపాదించడం. షాపు, కిచెన్, బల్లలు, బోర్డు అన్నీ దాని వెనకాలే. మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కాపురం ఉంటూ హోసకోట, మాలూరు, ఆనేకల్లు, చింతామణి వైపు ఒక బార్ పెడదామని లెక్కలేసుకునే మనవాళ్లు చాలామంది ముందు బిల్డింగుకి అడ్వాన్సు ఇచ్చేస్తారు. తర్వాత తెలుస్తుంది, ఆ బిల్డింగుకి ఎనభై మీటర్లలో గుడి ఉందని, వంద మీటర్ల లోపు బార్ పెట్టనివ్వరని. అడ్వాన్సు తిరిగి రాదు, లైసెన్సు అక్కడికి మారదు.

ఇక్కడ రాసేదంతా అరవై సీట్ల బార్ అండ్ రెస్టారెంట్ లెక్క. పగలు భోజనం, సాయంత్రం మందు, వారాంతంలో ఫ్యామిలీ సెక్షన్. బెంగళూరు సిటీలోని పబ్బులు, మైక్రోబ్రూవరీల సంగతి వేరు. ఆ ఖర్చు చిన్న ఊరు మోయదు. ఇక చెన్నై వైపు బంధువులెవరైనా ఉండి "ఇక్కడే పెట్టుకుందాం రండి" అంటే ఆ ఆశ వదులుకోండి. తమిళనాడులో రిటైల్ అమ్మకం 2003 నుంచి ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. స్టార్ హోటళ్లు, క్లబ్బులు, టాస్మాక్ షాపుల పక్కన టెండర్ మీద నడిచే బార్లు తప్ప సొంతంగా వీధి బార్ తెరిచే దారి అక్కడ లేదు.

లైసెన్సు, దాని చుట్టూ ఉండే గోతులు

కర్ణాటకలో 1968 నాటి ఎక్సైజ్ నిబంధనల కింద రకరకాల లైసెన్సులున్నాయి. మనకు సంబంధించినవి మూడు. సీఎల్-2 అంటే వైన్‌షాపు: సీలు సీసా అమ్మాలి, అక్కడ తాగనివ్వకూడదు. సీఎల్-9 అంటే బార్: కూర్చోబెట్టి తిండితో పాటు పోయాలి, పార్సిల్ ఇవ్వకూడదు. సీఎల్-7 అంటే లాడ్జి ఉన్న హోటల్‌కి ఇచ్చేది. వైన్‌షాపులో నిలబడి తాగడం, బార్‌లో కవర్లో చుట్టి పార్సిల్ ఇవ్వడం ఊరూరా కనిపిస్తుంది నిజమే. కానీ ఎక్సైజ్ వాళ్లు కేసు రాయాలనుకున్న రోజు మొదట రాసేవి ఈ రెండే.

1990ల మొదటి నుంచి ప్రభుత్వం కొత్త సీఎల్-2, సీఎల్-9 ఇవ్వడం దాదాపు ఆపేసింది. అందుకే ఉన్న లైసెన్సులు చేతులు మారుతుంటాయి, ధర మార్కెట్టు చెప్పిందే. ఎవరికీ కేటాయించకుండా మిగిలిన లైసెన్సులను ఈ-వేలంలో ఇస్తామని 2025 బడ్జెట్లో ప్రకటించారు. కాబట్టి బ్రోకరు చెప్పిన ధర ఒప్పుకునే ముందు మీ తాలూకాలో వేలానికి ఏమైనా ఉందేమో జిల్లా ఎక్సైజ్ ఆఫీసులో అడగండి. సొంత స్థలం, లాడ్జి కట్టే స్తోమత ఉంటే సీఎల్-7 దారి కూడా చూడొచ్చు. దానికి గదుల లెక్క ఉంటుంది.

బ్రోకర్లు ఎక్కువగా చూపించే దారి 'లీజు'. లైసెన్సు వేరొకరి పేరున ఉంటుంది, నెలకింత అని వాళ్లకు కట్టి మీరు నడుపుతారు. దీంట్లో ఇంటీరియర్ మీది, సరుకు మీది, అడ్వాన్సు మీది. కాగితం మీద మాత్రం మీరు ఎవరూ కాదు. బార్ బాగా నడిచిందా, ఏడాది తిరిగేసరికి అద్దె రెట్టింపు అడుగుతారు. గొడవైతే లైసెన్సుదారు ఒక్క అర్జీతో షాపు మూయించగలడు. మీ పేరుకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. అది కుదరకపోతే భాగస్వామ్య పత్రం రాసుకుని దాన్ని ఎక్సైజ్ శాఖ రికార్డులో ఎక్కించండి. నోటరీ దగ్గర రాసుకున్న ఒప్పందం మీకూ వాళ్లకూ మధ్యే చెల్లుతుంది, శాఖ ముందు చెల్లదు.

కొనే లైసెన్సు గురించి నాలుగు విషయాలు చూడాలి. లైసెన్సు సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. ప్రతి ఏడాదీ రెన్యువల్ తెగకుండా జరిగిందా? పాత బకాయిలు, పెండింగు కేసులు ఉన్నాయా? లైసెన్సులో రాసిన చోటు ఏది, అక్కడే నడుపుతారా, మార్చాలా? మారిస్తే కొత్త చోటికి మళ్లీ తనిఖీ, మళ్లీ దూరం కొలత. నాలుగోది చాలామంది వదిలేసేది: ఆమోదించిన నక్షా. నక్షాలో ఉన్న నాలుగు గోడల మధ్యే మందు పోయాలి. రద్దీ పెరిగిందని మేడ మీద కుర్చీలు వేసినా, ముందున్న ఫుట్‌పాత్ మీద షామియానా కట్టినా అది లైసెన్సు లేని చోట అమ్మినట్టే.

దూరం నిబంధన 100 మీటర్లు. గుడి, మసీదు, చర్చి, బడి, ఆసుపత్రి, ప్రభుత్వ ఆఫీసు, షెడ్యూల్డ్ కులాల, తెగల వాళ్లు ఎక్కువగా ఉండే కాలనీ, వీటికి ఆ లోపల ఉండకూడదు. కొలిచేది ఒక గుమ్మం మధ్య నుంచి ఇంకో గుమ్మం మధ్యకి, మనిషి మామూలుగా నడిచే దారిలో. మ్యాపు మీద గీత గీసి తొంభై వచ్చిందని వదులుకున్న చోటు నడక దారిలో నూట ఇరవై రావచ్చు. కాబట్టి బిల్డింగుకి మాట ఇచ్చే ముందు టేపు పట్టుకుని స్వయంగా నడవండి. అంగన్‌వాడీ, రావిచెట్టు కింద చిన్న గుడి లాంటివి మ్యాపులో కనబడవు, అభ్యంతరం వచ్చేటప్పుడే బయటపడతాయి.

హైవే పక్కనైతే ఇంకో లెక్క. సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని చెప్పింది. 2017 మార్చిలో 20,000 లోపు జనాభా ఉన్న చోట్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. మున్సిపల్ హద్దుల లోపల ఉన్నవాటికి ఆ నిషేధం వర్తించదని అదే ఏడాది జూలైలో స్పష్టం చేసింది. అంటే ఎన్‌హెచ్-75 పక్కన హోసకోట ఊళ్లో ఉన్న స్థలానికీ, ఊరు దాటి పంచాయతీ హద్దులో ఉన్న స్థలానికీ చాలా తేడా. స్థలం ఏ హద్దులోకి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.

మిగతా కాగితాలు: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ, కార్మిక శాఖ రిజిస్ట్రేషన్, పెగ్గు కొలతల మీద తూనికల శాఖ ముద్ర. బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి. తెలుగు మీద ఎంత ప్రేమున్నా అది లోపల మెనూలో చూపించుకోండి.

జీఎస్టీ దగ్గర ఒక తప్పు తరచూ జరుగుతుంది. మందు జీఎస్టీలో లేదు, తిండికి 5 శాతం. చిన్న హోటళ్ల అకౌంటెంట్లు అలవాటుకొద్దీ బార్‌ని కూడా కాంపొజిషన్ స్కీంలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఒకే శాతం పన్ను కట్టే పద్ధతి) వేసేస్తారు. జీఎస్టీ పరిధిలో లేని సరుకు అమ్మేవాళ్లకు ఆ స్కీం చెల్లదు, మందు అలాంటి సరుకే. నోటీసు వచ్చేసరికి వడ్డీ, పెనాల్టీ తోడై ఉంటాయి.

చోటు, బల్లలు, నీళ్లు

కూర్చునే చోట సీటుకి పదిహేను చదరపు అడుగులు వేసుకోండి. అరవై సీట్లకు 900, కిచెన్‌కి 250, కౌంటరూ స్టోరూ కలిపి 150, టాయిలెట్లకు 120. మొత్తం పద్నాలుగు వందల పైచిలుకు. బల్లల మధ్య మూడడుగుల దారి లేకపోతే ట్రే పట్టుకుని వెళ్లే కుర్రాడి మోచెయ్యి ఎవరికో తగులుతుంది. చిన్న ఊరి బార్‌లో సగం గొడవలు అలాగే మొదలవుతాయి.

డబ్బు ఆదా చేసుకోవాల్సిన చోటు సీలింగు, లైట్లు. ఆదా చేయకూడని చోటు టాయిలెట్. అరవై మందికి మగవాళ్ల వైపు మూడు యూరినల్స్, ఒక కమోడ్. ఆడవాళ్లకు వేరే దారిలో, వేరే తలుపుతో ఒకటి. నేల వాలు పది అడుగులకు ఒకటిన్నర అంగుళం. అంతకన్నా తక్కువైతే నీళ్లు నిలిచి వాసన హాల్లోకి వస్తుంది. వాసన వస్తున్న బార్‌కి రెండోసారి ఫ్యామిలీ రాదు. కిచెన్ సింకు నీళ్లు డ్రైనేజీలో కలిసే ముందు గ్రీజు ట్రాప్ (నూనె జిడ్డుని ఆపే తొట్టె) తప్పకుండా పెట్టించండి. కబాబ్ నూనె పైపులో గడ్డకట్టి పొంగేది ఎప్పుడూ శనివారం రాత్రే.

బీరు చల్లదనం

ఎండాకాలంలో చిన్న ఊరి బార్ పేరు నిలబడేదీ పోయేదీ బీరు చల్లదనంతోనే. ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. 650 మిల్లీలీటర్ల సీసా ముప్పై డిగ్రీల నుంచి నాలుగు డిగ్రీలకు రావాలంటే బీరులోంచీ గాజులోంచీ కలిపి ఎనభై కిలోజౌల్స్ పైన వేడి లాగాలి. మామూలు పెద్ద విజికూలర్ (గాజు తలుపు ఫ్రిజ్) సెకనుకి సుమారు నాలుగైదు వందల జౌల్సే లాగుతుంది. నూట ఇరవై సీసాలు నింపితే ఆరేడు గంటలు పడుతుంది, అదీ తలుపు తియ్యకుండా ఉంటే. మధ్యాహ్నం మూడింటికి లోడు దించి వెంటనే కూలర్లో పేర్చి సాయంత్రం ఏడింటికి అమ్ముదామంటే గిరాకీ చేతికి గోరువెచ్చటి బీరే వెళ్తుంది.

కాబట్టి కూలర్ నింపాల్సింది రాత్రి మూసేటప్పుడు. సరుకు వచ్చినరోజు స్టోర్లో ఉంచి, రాత్రి కూలర్లో చల్లటి సీసాలు ముందుకు జరిపి, కొత్తవి వెనక వరుసలో పెట్టాలి. ముందొచ్చింది ముందు అమ్ముడుపోవాలి, బీరు సీసా మీద గడువు తేదీ ఉంటుంది. సీసాల మధ్య వేలు దూరేంత సందు ఉంచండి, గాలి తిరగాలి. కూలర్ వెనక గోడకి కనీసం నాలుగంగుళాల ఖాళీ, నెలకోసారి వెనక కాయిల్ మీద దుమ్ము దులపడం. ఈ రెండూ చేయని చోట కంప్రెసర్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది, చల్లదనం మాత్రం రాదు.

కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ కాలిపోవడానికి కారణం వోల్టేజీ ఒక్కటే కాదు. లోపల గ్యాస్ ఒత్తిడి సమం కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపు మోటారు మళ్లీ తిరగబోతే ఇరుక్కుని కాలుతుంది. మూడు నిమిషాల డిలే ఉన్న స్టెబిలైజరు ప్రతి కూలర్‌కీ విడిగా పెట్టండి.

తొందర కోసం డీప్‌ఫ్రీజర్లో సీసాలు పడుకోబెట్టేవాళ్లున్నారు. 5 శాతం బీరు మైనస్ రెండు, మూడు డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. నీళ్లు మంచయితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, సీసా పగులుతుంది. పగలకపోయినా తీసి మూత తెరిచేసరికి సగం నురగే. అత్యవసరానికి మంచి ఉపాయం ఐసు నీళ్లు: పెద్ద టబ్బులో పది కిలోల ఐసు, పది లీటర్ల నీళ్లు, గుప్పెళ్లతో కొలవకుండా 400 గ్రాముల రాళ్ల ఉప్పు. పన్నెండు సీసాలు మెడదాకా ముంచి, మధ్యలో రెండుసార్లు తిప్పితే ఇరవై నిమిషాల్లో తాగేంత చల్లబడతాయి. ఉత్త ఐసు ముక్కల్లో పెడితే ఇంత త్వరగా కాదు, ఎందుకంటే నీళ్లు సీసాని అన్ని వైపులా అంటుకుంటాయి, ముక్కలు అంటుకోవు. టేబుల్ మీదికి పంపే ముందు సీసా మంచినీళ్లలో కడిగి తుడవండి, లేకపోతే మొదటి గుక్కలోనే ఉప్పు.

గ్లాసులో వేసే ఐసు వేరు, టబ్బులో వేసే ఐసు వేరు. ఫ్యాక్టరీ దిమ్మ తినడానికి కాదు, నీలం రంగు కలిపి ఉంటే అసలు గ్లాసు దాకా తేవద్దు. వంద మంది వచ్చే రోజుకి గ్లాసుల ఐసు నలభై, యాభై కిలోలు కావాలి. ఫిల్టరు నీళ్లతో చిన్న ఐస్ మెషీన్ ఒకటి కొనుక్కుంటే ఆ తలనొప్పి పోతుంది.

కౌంటర్: మిల్లీలీటర్లలో పోయే డబ్బు

సరుకు మొత్తం కర్ణాటక స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ నుంచే కొనాలి. 2003 నుంచి హోల్‌సేల్ అంతా వాళ్లదే. డబ్బు ముందు కట్టాలి, అప్పు లేదు. అందుకే కౌంటర్లో 'అరువు రేపు' అని బోర్డు పెట్టేది. మీకు అరువు దొరకని సరుకుని మీరు అరువిస్తే మూడో నెలలో ఇండెంటు (సరుకు ఆర్డరు) పెట్టడానికి చేతిలో రూపాయి ఉండదు. వారం, పది రోజుల అమ్మకానికి సరిపడా సరుకు చాలు. పండగ ముందు మాత్రం పెంచుకోండి.

కర్ణాటకలో 2007 జూలై 1 నుంచి సారా నిషేధం. అప్పట్నుంచి చిన్న ఊళ్లలో అమ్మకానికి వెన్నెముక 90, 180 మిల్లీలీటర్ల చవక విస్కీ, బ్రాందీ. పెట్టె లెక్క గుర్తుంచుకోండి: నైంటీలు 96, క్వార్టర్లు 48, ఫుల్లులు 12, పెద్ద బీర్లు 12. సీలు క్వార్టర్‌తో ఒక సుఖం ఉంది: కొలిచే పని లేదు, దొంగతనానికి తావు తక్కువ. కానీ సీలు గిరాకీ ముందే తియ్యాలి. లోపల తీసి తెచ్చిన క్వార్టర్‌ని ఊళ్లో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

పెగ్గు పోసే చోట ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. ఫుల్ సీసాలో 750 మిల్లీలీటర్లు, అంటే 30 చొప్పున ఇరవై ఐదు స్మాల్స్. పోసే కుర్రాడు కొలతగ్లాసుని కాస్త వంచి పట్టుకుని, అంచు నిండినా సీసా లేపడం అరక్షణం ఆలస్యం చేస్తాడు. ఆ చుక్కలు రెండు మిల్లీలీటర్లు. కంటికి కనబడవు. కానీ 32 చొప్పున పోస్తే సీసాకి ఇరవై మూడు స్మాల్సే వస్తాయి. రోజుకి ఇరవై ఫుల్లులు విప్పే బార్‌లో అది రోజుకి నలభై స్మాల్స్. మీ నెల అద్దె అక్కడే కారిపోతోంది. ఎదురు తప్పు కూడా ఉంది, 27 పోసి మూడు మిగుల్చుకోవడం. మిగిలిన సీసా మీది కాదు, కుర్రాడిది. బిల్లు లేకుండా అమ్ముతాడు.

దీనికి విరుగుడు వంటింటి తూకం. ఒక గ్రాము దాకా చూపించే ఎలక్ట్రానిక్ తూకం కౌంటర్ కింద పెట్టండి. ప్రతి బ్రాండు ఖాళీ సీసా బరువు ఒకసారి తూచి, మూతతో సహా, గోడ మీద రాసిపెట్టండి. మనకు దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ములు 42.8 శాతం ఆల్కహాలు, కాబట్టి నీళ్లకన్నా తేలిక: 30 మిల్లీలీటర్లు సుమారు 28 గ్రాములు. ఖాళీ సీసా 480 గ్రాములు, రాత్రి విప్పిన సీసా 1,020 తూగితే లోపల 540 గ్రాములు, అంటే పందొమ్మిది స్మాల్స్ మిగిలాయి. ఆ సీసా నుంచి ఆరు బిల్లయి ఉండాలి. నాలుగే అయితే అడగండి. అయిదు నిమిషాల పని, రోజూ చేయాలి. వారానికోసారి చేస్తే ఎవరి షిఫ్టులో పోయిందో తేలదు.

ఇతర చిల్లులు: పగిలిన సీసా అని లెక్క రాయడానికి సీలు మూత ఉన్న సీసా మెడ ముక్క చూపించాలని రూలు పెట్టండి, లేకపోతే వారానికి పెట్టెడు బీరు 'పగులుతుంది'. ఖాళీ క్వార్టర్ సీసాల లేబుల్ గీకేయించండి, టెట్రా ప్యాకెట్లు చింపించండి, అవే మళ్లీ నింపి బయట అమ్మేవాళ్లున్నారు. ప్రతి సీసా మీద ఎక్సైజ్ లేబుల్ సరుకు దించేటప్పుడే చూడండి. మిలిటరీ క్యాంటీన్ సరుకు, గోవా సరుకు, ఆంధ్ర సరుకు ఒక్క సీసా కూడా కౌంటర్లో ఉండకూడదు, మీరు తాగడానికి తెచ్చుకున్నదైనా సరే. ఆంధ్రలో 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టర్ వచ్చాక బాగేపల్లి వంటి సరిహద్దు ఊళ్ల మీద ఎక్సైజ్ కన్ను ఎక్కువే.

కిచెన్, ముఖ్యంగా కబాబ్

మందు మీద మిగులు ప్రభుత్వం, పోటీ బార్లు కలిసి నిర్ణయిస్తాయి. తిండి మీద మిగులు మీ చేతిలో ఉంటుంది. పదిహేను ఐటమ్స్ మించి మెనూ వద్దు. ఉడికించిన వేరుశనక్కాయలు, మసాలా పాపడ్, కాంగ్రెస్ కడలెకాయి (మసాలా పల్లీలు), మిరియాల గుడ్డు, ఎగ్ బుర్జీ, పెప్పర్ చికెన్, లివర్ ఫ్రై, ఒక చేప వేపుడు, గోబీ, మధ్యాహ్నం సంగటి, కోడి పులుసు. వీటన్నింటికన్నా ఎక్కువ పోయేది చికెన్ కబాబ్. బార్‌కి కబాబ్ పేరు వస్తే మిగతావి సర్దుకుంటాయి.

కిలో ఎముకతో ఉన్న చికెన్‌ని నలభై గ్రాముల ముక్కలుగా ఇరవై ఐదు కొట్టించండి. ఉప్పు 15 గ్రాములు, బ్యాడగి కారం 20, గుంటూరు కారం 8, అల్లం వెల్లుల్లి ముద్ద 40, పెరుగు 50, నిమ్మరసం 20 మిల్లీలీటర్లు, మిరియాల పొడి 3, గరం మసాలా 4, చిటికెడు పసుపు. ఇది కలిపి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో, అయిదు డిగ్రీల లోపల. కార్న్‌ఫ్లోర్ 50 గ్రాములు, బియ్యప్పిండి 25, గుడ్డు ఒకటి మాత్రం వేయించే ముందే కలపాలి. పిండి కూడా పొద్దునే కలిపేస్తే ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగుతుంది, పిండి జావలా అవుతుంది, నూనెలో పడగానే పూత ఊడి అడుగున మాడుతుంది. నూనె నల్లబడటానికి పెద్ద కారణం అదే.

నూనె 170 డిగ్రీలు. అయిదు లీటర్ల నూనెలో ఒకసారికి కిలో మించి వేయకండి, వేస్తే వేడి పడిపోయి ముక్క నూనె పీలుస్తుంది. ఎనిమిది నిమిషాలు, ముక్క మధ్యలో 75 డిగ్రీలు రావాలి, ఎముక దగ్గర ఎరుపు ఉండకూడదు. చివరి ఇరవై సెకన్లలో కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి. శనివారం రద్దీకి ముందుగా వేయించి ఉంచుకోవాలంటే పూర్తిగా ఉడికించే ఉంచండి, ఆర్డరు వచ్చాక 180 డిగ్రీల్లో నిమిషంన్నర. సగం ఉడికించి బయట గంటల తరబడి ఉంచిన కబాబే మర్నాడు కడుపులు పాడుచేసేది.

రంగు సంగతి: 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం కబాబ్‌లలో కృత్రిమ రంగు నిషేధించింది, గోబీ మంచూరియాలో అంతకు మూడు నెలల ముందే. వంటవాడి పెట్టెలో ఎర్ర పొడి డబ్బా ఉంటుంది, 'కొంచెం వేస్తేనే గిరాకీ సార్' అంటాడు. డబ్బా పారేయండి. బ్యాడగి మిరపకాయకి కారం తక్కువ, రంగు ఎక్కువ, ఆ ఎరుపు చాలు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగి పాడయ్యే కొద్దీ పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన. కొలిచే స్ట్రిప్ లేకపోయినా గుర్తులున్నాయి: నురగ ఆగకుండా రావడం, 170 దగ్గరే పొగ, చేతికి జిగురు. రోజూ రాత్రి వడకట్టండి, పాత దాంట్లో కొత్త నూనె కలిపి సాగదీయకండి.

ధర లెక్క: చికెన్ కిలో 240 ఉంటే మసాలా 35, నూనె 40, గ్యాస్ 15, ఉల్లి, నిమ్మ 15 కలిపి 345. అయిదు ముక్కల ప్లేటు 69 రూపాయలు పడుతుంది. 180కి అమ్మితే 38 శాతం ఖర్చు. నలభై దాటనివ్వకండి. చికెన్ ధర వారం వారం ఎగిరిపడుతుంది కాబట్టి మెనూ కార్డు మీద ధర మార్చే బదులు ప్లేటు ముక్కలు తగ్గించేవాళ్లున్నారు. అది చేయొద్దు. ఊళ్లో ముక్కలు లెక్కపెట్టే తింటారు.

మనుషులు

అరవై సీట్లకు సాయంత్రం నలుగురు సప్లయర్లు, ఒక క్యాప్టెన్, కౌంటర్లో ఒకరు, గల్లా దగ్గర వేరే ఒకరు. పోసేవాడూ డబ్బు తీసుకునేవాడూ ఒకరే అయితే పైన చెప్పిన తూకం కూడా పనికిరాదు. కిచెన్లో మాస్టరు, కబాబ్‌కి ఒకరు, హెల్పరు ఒకరు, క్లీనింగుకి ఇద్దరు, గేటు దగ్గర ఒకరు. గేటు మనిషి కండలవాడు కానక్కర్లేదు, ఊరివాడై అందరి పేర్లూ తెలిసినవాడైతే చాలు. "అన్నా, ఇంక చాలు, ఇంట్లో వదినమ్మ ఎదురుచూస్తా ఉంటుంది" అని భుజం మీద చెయ్యేసి ఆటో ఎక్కించగలిగినవాడు పది మంది బౌన్సర్లతో సమానం.

21 ఏళ్ల లోపు ఉన్నట్టు అనుమానం వస్తే గుర్తింపు కార్డు అడగండి, లేదంటే పోయకండి. మాట తడబడుతున్నా, గ్లాసు రెండుసార్లు పడేసినా ఆ టేబుల్‌కి మందు ఆపి నీళ్లు, తిండి పంపండి. బండి తాళాలు గల్లాలో పెట్టించుకోవడం మొదట్లో చిరాకుగా తీసుకుంటారు, తర్వాత అలవాటవుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, రెండు బీర్లు తాగినవాడు చాలావరకు దాటేస్తాడు.

పంచాంగం చూసి ఇండెంటు

చిన్న ఊళ్లో అమ్మకం పంచాంగంతో నడుస్తుంది. సంత రోజు మధ్యాహ్నం పన్నెండుకే జనం వస్తారు. ఫ్యాక్టరీలు ఉన్న చోట, మాలూరు, నరసాపుర వైపు, జీతాలు పడిన వారం, షిఫ్టు వదిలే గంట చూసుకోండి. శ్రావణంలో అమ్మకం పడిపోతుంది, అప్పుడు చికెన్ ఆర్డరు సగం చేయండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలు. మీ రోజువారీ గిరాకీల్లో కొందరు నలభై రోజులు కనబడరు, మీ వంటవాడే మాల వేసుకోవచ్చు, ముందే అడిగి పెట్టుకోండి. ఉగాది మర్నాడు 'హొస తొడకు', ఏడాదిలో మాంసం ఎక్కువగా తినే రోజుల్లో అదొకటి, ఆరోజు సెలవు ఎవరికీ ఇవ్వకండి.

డ్రై డేలు: అక్టోబరు 2, పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు, ఊరి గణపతి నిమజ్జనం లాంటివాటికి జిల్లా అధికారి ఇచ్చే ఉత్తర్వు. డ్రై డే నాడు షట్టరు సగం తెరిచి శుభ్రం చేసుకుంటున్నా ఫోటో తీస్తారు, పూర్తిగా మూసేయండి. క్రికెట్ మ్యాచ్ రోజుల్లో పెద్ద టీవీ పనికొస్తుంది కానీ ఇంటి కనెక్షన్ తెచ్చి పెడితే కుదరదు, కమర్షియల్ ప్యాకేజీ కావాలి. రాత్రి పదయ్యాక బయటికి స్పీకరు వినబడకూడదు.

మూసే గంట లైసెన్సులో రాసి ఉంటుంది. దానికి నలభై ఐదు నిమిషాల ముందు లాస్ట్ ఆర్డరు చెప్పాలి, ఇరవై నిమిషాల ముందు బిల్లులు టేబుల్ మీదికి రావాలి. చివరి టేబుల్ లేచాక వరస ఇది: గ్యాస్ బండ వాల్వు, విప్పిన సీసాల తూకం, గల్లా లెక్క, నూనె వడకట్టడం, స్టాకు రిజిస్టరులో ఆ రోజు నిలవ. అన్నీ అయ్యాక కూలర్ నింపి, తలుపు రబ్బరు సరిగ్గా అంటుకుందో లేదో ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగి చూడండి. కాగితం జారి వచ్చేస్తే పొద్దున్నే మెకానిక్‌ని పిలవండి.